బడి వరండాలో డోగాన్ ఊరు: గరిసెతో మొదలుపెట్టండి

పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో బండియాగరా అనే ఇసుకరాతి కొండచరియ ఉంది. పొడవు సుమారు 150 కిలోమీటర్లు. కొన్నిచోట్ల 500 మీటర్ల దాకా నిట్టనిలువుగా లేస్తుంది. ఆ చరియ పైన, దాని పాదంలో, దాని ముందు పరుచుకున్న ఇసుక మైదానంలో డోగాన్ జనం శతాబ్దాలుగా ఊళ్లు కట్టుకుని ఉంటున్నారు. 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఆ ప్రాంతం హద్దుల్లో 289 ఊళ్లున్నాయి. అలాంటి ఊరు ఒకదాన్ని ఎనిమిదో తరగతి పిల్లలతో మట్టి, రాయి, గడ్డి వాడి ఎలా కట్టించాలో ఇక్కడ రాస్తున్నాను. నేను కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. కావలసిన వస్తువులన్నీ మా వైపు ఉచితంగా దొరికేవే. అనంతపురం, కడప జిల్లాల్లోని టీచర్లకూ ఇవి దొరుకుతాయి.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆఫ్రికా పాఠం అనగానే పిల్లలు అట్ట ముక్కలు తెచ్చి, రంగులు పూసి, కొయ్య ముసుగుల బొమ్మలు చేయబోతారు. డోగాన్ ముసుగులు ప్రపంచమంతా తెలిసినవి కాబట్టి మనమూ అక్కడే మొదలుపెడతాం. దయచేసి అలా చేయకండి. ఆ ముసుగులు ప్రధానంగా చనిపోయినవారిని సాగనంపే వేళ బయటికి వస్తాయి. ఒక ఊరిని దాని చావు కర్మలతో పరిచయం చేయడం ఏ ఊరికీ న్యాయం కాదు. రేపు ఎవరైనా మన పల్లెను పెద్దకర్మ నాటి ఫొటోతో పరిచయం చేస్తే మనం ఒప్పుకుంటామా? ఆ ఊరివాళ్లు ఏడాది పొడుగునా ఏం తింటారో, తిండిని ఎక్కడ దాస్తారో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పిల్లలకు ముందు తెలియాలి. అందుకే నా పద్ధతిలో మొదటి కట్టడం గరిసె, అంటే ధాన్యం దాచే కొట్టు. ముసుగులది చివరి వంతు.

నేల, రాయి, మట్టి

వరండాలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు జాగా చాలు. గోడ పక్కనైతే మంచిది. అసలు చరియను కొలత ప్రకారం కట్టడం మన వల్ల కాదు కాబట్టి, గోడ మీద బొగ్గుతో గీసుకోవచ్చు. బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పారేసిన ముక్కలు కుప్పలుగా ఉంటాయి. రెండు బస్తాలు తెప్పించండి. గోడ వైపు ఎత్తుగా, ముందుకు వచ్చేకొద్దీ పల్లంగా ఆ ముక్కలను పేర్చాలి. వెనక ఎత్తు భాగం పీఠభూమి, మధ్యలో రాళ్లు జారిపడిన వాలు, ముందు మైదానం. మైదానంలో మాత్రం వంక ఇసుక రెండు వేళ్ల మందాన పరవండి.

ఇక్కడే పిల్లలకు మొదటి పాఠం చెప్పవచ్చు. ఇళ్లు ఎక్కడ పెడదామని అడిగితే, చదునుగా ఉంది కదా అని అందరూ ఇసుక వైపు చూపిస్తారు. చరియ కింద ఊళ్లు ఎక్కువగా రాళ్ల వాలు మీదే ఉంటాయి. మట్టి ఉన్న జాగా సేద్యానికి కావాలి, రాయి ఉన్న జాగా ఇంటికి చాలు. పైగా గుర్రాల మీద వచ్చే దాడులకు రాళ్ల వాలు అడ్డం. డోగాన్ జనం ఇక్కడికి రాకముందు అదే చరియలో టెల్లెం అనే వారుండేవారు. నిట్టనిలువు రాతి మధ్య గుహల్లో వాళ్లు కట్టిన గరిసెలు, సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. గోడ మీద గీసిన బొగ్గు చరియలో నాలుగైదు చిన్న గుహలు గీయించండి. గండికోటకు తీసుకెళ్లిన పిల్లలైతే పెన్నా లోయ గోడలను గుర్తుచేసుకుని ఇంకా బాగా గీస్తారు.

మట్టికి నా పాళ్లు ఇవి: ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, గుప్పెళ్లకొద్దీ సన్నగా తరిగిన కొర్రగడ్డి. కొర్రగడ్డి లేకపోతే వరిగడ్డి వాడవచ్చు. నల్లరేగడి ఒక్కటే వాడితే ఆరేటప్పుడు పగిలిపోతుంది. రెండు రాత్రులు నానబెట్టి, పిల్లల చేత కాళ్లతో తొక్కించండి. గడ్డి కొంచెం కుళ్లిన వాసన వచ్చినప్పుడు మట్టికి జిగి వస్తుంది. ఊళ్లో మట్టి మిద్దెలు వేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆ రోజు బడికి పిలవండి. మేము పిలిచిన పెద్దాయన మట్టిని అరచేతిలో నలిపి చూసి, ‘ఇంకా ఒక రాత్రి నాననీ నాయనా’ అన్నారు. ఆ ఒక్క మాట నా పాఠం మొత్తం కంటే పిల్లలకు ఎక్కువ నచ్చింది.

కొలతకు అగ్గిపుల్ల వాడండి. అగ్గిపుల్ల ఒక మనిషి ఎత్తు అనుకుంటే కొలత సుమారు నలభైకి ఒకటి అవుతుంది. తలుపు ఎత్తెంత, గోడ ఎత్తెంత అని సందేహం వచ్చినప్పుడల్లా పుల్లను పక్కన నిలబెట్టి చూసుకోవాలి.

గరిసెలు

మట్టితో కట్టిన చతురస్రపు గోడలు, నెత్తిన గడ్డితో అల్లిన కోసు (శంకువు ఆకారపు) టోపీ. డోగాన్ ఊరి ఫొటోలో మొదట కంటికి కనిపించేవి ఇవే. కొన్ని ఊళ్లలో ఇళ్ల కంటే ఇవే ఎక్కువ అనిపిస్తాయి. వాటిలో ఉండేది ముఖ్యంగా సజ్జలు. వాన అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది. మిగతా ఏడాదంతా ఎండే. ఒక్క పంటతో ఏడాది గడవాలి, వాన తప్పితే రెండో ఏడాదికీ అదే ఆధారం కావాలి. అనంతపురం పిల్లలకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

గరిసె నేలకు తగలకూడదు. ముందుగా నాలుగు చిన్న రాళ్లు పెట్టి, వాటి మీద వేప పుల్లలు అడ్డంగా పరచి, ఆ పుల్లల మీద మట్టితో అడుగు వేయాలి. ఎలుకలు, చెదలు, నేల తేమ తగలకుండా అక్కడ చేసే ఏర్పాటు ఇదే. తర్వాత గోడను చిటికెన వేలి మందమంత ఎత్తు వరస వేసి ఆరనివ్వాలి. మర్నాడు రెండో వరస. పిల్లలు ఒకే రోజు మొత్తం లేపేస్తామంటారు. లేపితే కింది వరస ఉబ్బి కూలుతుంది. గోడలు ఒక అంగుళం పైకి వచ్చాక ముందు వైపు కిటికీ అంత చిన్న తలుపు వదలండి. తలుపు నేల మట్టాన ఉండదు, పైన ఉంటుంది. ధాన్యం తీసేవాళ్లు ఎక్కి, వంగి, లోపలికి చెయ్యి పెట్టాలి. ఐస్‌క్రీం పుల్ల ముక్కతో తలుపు, దానికి గుండుసూదితో గడియ పెట్టండి. అసలు తలుపుల మీద మనుషుల వరసలు, బల్లుల ఆకారాలు చెక్కి ఉంటాయి. అలాంటి పాత తలుపులు, గడియలు చాలావరకు ఊళ్ల నుంచి అమ్ముడుపోయి దేశదేశాల మ్యూజియాల్లో, ధనవంతుల గోడల మీద ఉన్నాయి. ఈ సంగతి కూడా చెప్పండి.

టోపీకి బోదగడ్డి వాడండి. గరిసె మీద పెట్టి అల్లకూడదు. కింద నేల మీద కోసు ఆకారంలో అల్లి, ముడేసి, పూర్తయ్యాక ఎత్తి గరిసె నెత్తిన దించాలి.

ఇప్పుడు అసలు విషయం. గరిసెలు రెండు రకాలు కట్టించాలి, మగవారివి, ఆడవారివి. మగవారి గరిసె ఎత్తుగా, అగ్గిపుల్లకు రెండింతలకు పైగా ఉండాలి. ఇంటి మొత్తానికి కావలసిన సజ్జలు అందులో ఉంటాయి. ఆడవారిది పొట్టిది. లోపల అడ్డగోడలు కట్టి నాలుగు గదులు చేస్తారు. అందులో ఆమె సొంత పంట, దినుసులు, పత్తి, బట్ట, నగ, డబ్బు ఉంటాయి. అది ఆమెదే. ఆమెకు చెప్పకుండా భర్త కూడా తెరవడు. పిల్లలు నమూనాలో టోపీ తీసి లోపలి నాలుగు గదులు చూపించేలా కట్టాలి. సందర్శకులు వచ్చినప్పుడు ఈ టోపీ ఎత్తి చూపించడమే మా ప్రదర్శనలో అందరికీ నచ్చిన ఘట్టం.

ఈ పని జరుగుతున్న వారంలో పిల్లలకు ఇంటి పని ఒకటి ఇవ్వండి: మీ అవ్వను, జేజిని అడగండి, మన ఇంట్లో జొన్నలు ఎక్కడ దాచేవారు? తాళంచెవి ఎవరి కొంగున ఉండేది? ఆమె సొంతమని చెప్పుకునే జాగా ఇంట్లో ఏది? వచ్చే జవాబులు రాసిపెట్టించండి. పాతర గురించి చాలామంది చెబుతారు. ఇంటి ముందు లోతుగా గుంత తవ్వి, చుట్టూ గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన బండ వేసి మట్టి కప్పేవారు. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు, గాలి చెడి మనిషి పడిపోతాడు. గాలి ఆడేదాకా ఆగి అప్పుడు దిగేవారు. మా అవ్వకు పాతర మీద హక్కు లేదు, అది తాతది. ఆమెకున్నది వంటింటి మూలలో దొంతి కుండలు. పై కుండలో కందిపప్పు, దాని కింద చింతపండు, అన్నిటికంటే అడుగు కుండలో ఆమె డబ్బు. దొంతి దించడం అంటే ఇల్లంతా వినబడే పని కాబట్టి, ఆమెకు తెలియకుండా ఎవరూ ముట్టుకోలేకపోయేవారు. డోగాన్ స్త్రీ గరిసె గురించి చెప్పేటప్పుడు నాకు ఆ దొంతే గుర్తొస్తుంది. ఇల్లు మగవాడి పేరున ఉన్న చోట ఆడవాళ్లు తమ జాగాను ఎలా కాపాడుకుంటారో పిల్లలు అక్కడా ఇక్కడా పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇళ్లు, పెద్దిల్లు

ఇళ్ల కట్టుబడి మన పిల్లలకు తేలిక. అగ్గిపెట్టె లోపలి డబ్బాను అచ్చుగా వాడి మట్టి ఇటుకలు పోయించండి. రాతి పునాది, మట్టి గోడ, అడ్డంగా కర్రలు, వాటి మీద మట్టి కప్పు. చదునుగా ఉంటుంది. ఆదోని, గుత్తి, పత్తికొండ వైపు పాత ఊళ్లలోని మట్టి మిద్దెలను చూసిన కళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. దూలం, దంతెలు, బండపలకలు, పైన చవుడు మట్టి వేసిన మన మిద్దె గట్టిది, వాళ్లది తేలిక. ఉపయోగం మాత్రం రెండు చోట్లా ఒకటే. పంట ఆరబెట్టడం, ఉక్కపోసినప్పుడు పైన పడుకోవడం. వాన వెళ్లాక మట్టి పూత మళ్లీ వేయకపోతే గోడ నిలవదన్నదీ రెండు చోట్లా నిజమే. మిద్దె ఎక్కడానికి వాళ్లు వాడేది పైన రెండుగా చీలిన చెట్టు మొద్దు. దాని మీద మెట్లకు గాట్లు కొడతారు. తుమ్మ కొమ్మల్లో ఆ ఆకారం పుష్కలంగా దొరుకుతుంది. ముళ్లు తీసి, బ్లేడు పని మీరే చేయండి.

ఇళ్ల మధ్యలో ఒక పెద్దిల్లు ఉండాలి. దాన్ని గిన్నా అంటారు. ఆ వంశంలో పెద్దవాడు ఉండే ఇల్లు అది. ముందు గోడ నిండా వరసలుగా చిన్న గూళ్లు ఉంటాయి. గోడ తడిగా ఉన్నప్పుడే పెన్సిలు వెనక భాగంతో నొక్కితే గూళ్లు వస్తాయి.

టోగు నా

ఇది మగవాళ్ల రచ్చకట్ట. ఊరి మంచీ చెడూ మాట్లాడుకునేదీ, తగవులు తీర్చేదీ, మధ్యాహ్నం ఎండకు కునుకు తీసేదీ, తాళ్లు పేనుతూ కబుర్లు చెప్పేదీ ఇక్కడే. స్తంభాల మీద సజ్జ దంట్లు మందంగా, పొరలు పొరలుగా పేర్చిన కప్పు. చరియ ఊళ్లలో స్తంభాలు రాళ్లతో, మైదానపు ఊళ్లలో చెక్కడపు కొయ్యలతో ఉంటాయి. ఎనిమిది స్తంభాలు ఉండాలని, అవి ఎనిమిది మంది మూలపురుషులకు గుర్తని చెబుతారు. నమూనాలో ఎనిమిదే పెట్టించండి.

ఎత్తు దగ్గర మాత్రం పిల్లల మాట వినకండి. అగ్గిపుల్ల మనిషి లోపల నిలబడకూడదు. కప్పు పుల్లలో ముప్పాతిక వంతు ఎత్తులో రావాలి. ఆ పొట్టితనానికి కారణం డోగాన్ పెద్దలే చెబుతారు. కోపం వచ్చినవాడు దిగ్గున లేవబోతే తల కప్పుకు తగులుతుంది, మళ్లీ కూర్చుంటాడు, కూర్చున్నవాడి కోపం నిలవదు. ఇది చదివి వదిలేయకుండా చేసి చూపించండి. నాలుగు బెంచీలు దగ్గరికి జరిపి, పైన టార్పాలిన్ కప్పి, ఎనిమిది మందిని లోపల కూర్చోబెట్టి, నిజమైన తగవు ఒకటి ఇవ్వండి. మధ్యాహ్న భోజనం వరసలో ఎవరు ముందు అన్నది మా బడిలో ఎప్పుడూ తీరని తగవు. గొంతు పెంచినవాడు లేవాలనుకుంటాడు, లేవలేడు. పావుగంటలో ఏదో ఒక మాటకు వచ్చి బయటపడతారు.

టోగు నాలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. క్లాసులో ఒక అమ్మాయి అయినా దీని మీద నిలదీస్తుంది. నిలదీయనివ్వండి. ఆపైన, మన ఊరి రచ్చకట్ట మీద సాయంత్రం ఎంతమంది ఆడవాళ్లు కూర్చున్నారో లెక్కపెట్టి రమ్మనండి. అలాగే ఊరి అంచున గుండ్రంగా చిన్న ఇల్లు ఒకటి కట్టించాలి. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు విడిగా ఉండే ఇల్లు అది. చాలామంది టీచర్లు దీన్ని మొహమాటంతో వదిలేస్తారు. నేను వదలను. మన వైపు ‘బయట చేరడం’ అంటే ఏమిటో ఆ వయసు ఆడపిల్లలందరికీ తెలుసు. తెలిసినదాన్ని దాచిపెట్టడం ఏం పాఠం?

ఊరి పటం ఎవరు చెప్పారు

ఇంటర్నెట్‌లో వెతికితే డోగాన్ ఊరు పడుకున్న మనిషి ఆకారంలో ఉంటుందని వస్తుంది. ఉత్తరాన టోగు నా తల, మధ్యలో పెద్దిళ్లు ఎదా కడుపూ, తూర్పు పడమరల్లో ఆడవాళ్ల గుండ్రటి ఇళ్లు చేతులు, దక్షిణాన పూజా స్థానాలు పాదాలు. ఈ మాట ఫ్రెంచి పరిశోధకుడు మార్సెల్ గ్రియోల్‌కు 1946లో 33 రోజుల సంభాషణలో ఓగొటెమ్మెలి అనే అంధుడైన పెద్దాయన చెప్పినది. చక్కని ఆలోచన. సుద్దముక్కతో నేల మీద ముందు ఆ మనిషిని గీయించండి. అయితే అసలు ఊళ్లు రాయి ఎటు ఒరిగితే అటు ఒరిగి, ఎక్కడ జాగా ఉంటే అక్కడ సర్దుకుని ఉంటాయి. ఆ గీత కోసం కట్టడాలను బలవంతంగా జరపవద్దు.

అదే దారిలో ఇంకో కథ ఎదురవుతుంది. సిరియస్ నక్షత్రం పక్కన కంటికి కనిపించని జంట నక్షత్రం ఒకటి ఉందని డోగాన్ వారికి అనాదిగా తెలుసని, గ్రహాంతరవాసులు చెప్పారని వీడియోలు చూసి పిల్లలు ఉత్సాహంగా వస్తారు. ఆ జంట నక్షత్రాన్ని 1862లోనే టెలిస్కోపుతో చూశారు. గ్రియోల్ బృందం డోగాన్ పేరిట ఈ సంగతి ప్రచురించింది 1950లో. తర్వాత ఏళ్ల తరబడి డోగాన్ వారి మధ్య ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బీక్, ఆ నక్షత్ర జ్ఞానం జనంలో తనకు ఎక్కడా కనబడలేదని 1991లో రాశాడు. నా నమూనాలో నక్షత్రాలకు చోటు లేదు. రాయి మీద మట్టి మోసి పంట తీసిన మనుషుల తెలివికి ఆకాశం నుంచి ఎవరో దిగివచ్చి సాయం చేశారని చెప్పడం నాకు అవమానంగా తోస్తుంది.

ఉల్లి మడులు

రాయి మీద మట్టి మోయడం అలంకారంగా అన్న మాట కాదు. 1930ల నుంచి డోగాన్ ఊళ్లున్న సంఘా ప్రాంతంలో చిన్న చిన్న ఆనకట్టలు కట్టాక, నీళ్లు ఉన్న చోట నేల లేకపోతే, గంపలతో మట్టి తెచ్చి బోడి రాతి మీద పోసి, చుట్టూ రాళ్లు పేర్చి మడులు చేశారు. సజ్జ కోత అయ్యాక వాన లేని నెలల్లో అందులో ఉల్లి. నీళ్లు ఆనపకాయ బుర్రలతో ముంచి పోస్తారు. నమూనాలో పీఠభూమి మీద బండ ముక్కల మధ్య అరచేతి వెడల్పు మడులు నాలుగు చేయించి, కొత్తిమీర గింజలు చల్లండి. వారం పది రోజుల్లో పచ్చగా మొలుస్తాయి. పక్కన గాజు ముక్కతో చెరువు.

డోగాన్ ఉల్లి పచ్చిగా మాత్రమే అమ్ముడుపోదు. దంచి, ఉండలు చేసి, ఎండబెట్టి దూరపు పట్టణాలకు పంపుతారు. కర్నూలు మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడు రోడ్డు పక్కన ఉల్లి పారబోసిన దృశ్యం చూసిన పిల్లలకు ఈ పని నేర్పాలని నాకు గట్టి పట్టుదల. మన గడ్డ ఎక్కువగా వానాకాలం పంట, వచ్చేది గాలిలో తేమ ఉన్న రోజుల్లో. కాబట్టి ఉండలు చేసే పనిని ఫిబ్రవరి తర్వాత పెట్టుకోండి. చిన్న గడ్డలు తీసుకుని పొట్టు ఒలిచి, రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేస్తే నీరైపోతుంది, ఉండ నిలవదు. దంచినదాన్ని గట్టిగా పిండి, నిమ్మకాయంత ఉండలు చేసి, మిద్దె మీద పలచటి బట్ట పరచి ఎండబెట్టండి. రోజుకు రెండుసార్లు తిప్పాలి, రాత్రి లోపలికి తేవాలి. విరిచి చూస్తే నడిమధ్యలో కూడా తేమ తగలకూడదు. బూజు చుక్క కనబడినది ఏదైనా పారేయండి. ఆరిన ఉండను నలిపి పప్పులోనో చారులోనో వేస్తే వేయించిన ఉల్లి వాసన కాక, ఇంకా ఘాటైన, కొంచెం పులిసిన వాసన వస్తుంది. అందరికీ నచ్చదు. నాకు నచ్చింది.

వాళ్ల తిండి గురించి చెప్పేటప్పుడు సంగటి ముద్దతో మొదలుపెట్టండి. రోట్లో రోకలితో దంచిన సజ్జ పిండిని గట్టిగా కెలికి ముద్ద చేస్తారు, బావోబాబ్ ఆకు పులుసులో ముంచి చేత్తో తింటారు. గోల్కొండ దగ్గర ఉన్న పెద్ద బావోబాబ్ చెట్టు ఫొటో చూపిస్తే పిల్లలకు ఆకు ఏ చెట్టుదో తెలుస్తుంది.

నక్క, సంత, మసీదు

ఊరి వెలుపల ఇసుకను చదును చేసి, గీతలతో గళ్లుగా విభజించి, చిన్న పుల్లలు, రాళ్లు గుర్తులుగా పెట్టి, తన ప్రశ్నను అందులో ఉంచుతాడు సోదె చెప్పేవాడు. సాయంత్రం వేరుశనక్కాయలు చల్లి వెళ్లిపోతాడు. రాత్రి నక్క వచ్చి తిని పోతుంది. ఏ గడిలో అడుగు పడింది, ఏ పుల్ల పడిపోయింది అన్నది చూసి పొద్దున్నే జవాబు చదువుతాడు. బడి ఆవరణలో ఇసుక గళ్లు గీసి, వేరుశనక్కాయలు చల్లి, మర్నాడు పిల్లలతో అడుగుజాడలు చదివించండి. కుక్క, ఉడుత, ముంగిస, ఊరి చివరి బడి అయితే గుంటనక్క కూడా. అడుగును చూసి జంతువును గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. నవ్వులాటకు మాత్రం చేయించకండి. మన సోదమ్మను, చిలక జోస్యాన్ని అడిగేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

సంతకు మైదానంలో కొంచెం జాగా చాలు. వాళ్ల వారం అయిదు రోజులు. సంత ఈ సోమవారం పడితే తర్వాతది శనివారం, ఆ తర్వాతది గురువారం. క్యాలెండరులో గుర్తుపెట్టమంటే లెక్క రాని పిల్లలు కూడా ఇష్టంగా చేస్తారు. సంతలో ఇద్దరు ఎదురుపడితే వెంటనే బేరంలోకి దిగరు. నువ్వెలా ఉన్నావు, ఇంట్లో వాళ్లెలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు అని ఒకరు వరసగా అడుగుతారు, రెండోవారు ప్రతిదానికీ ‘సేవో’, అంటే బాగున్నారు అంటారు. తర్వాత అడిగే వంతు మారుతుంది. ఇద్దరు పిల్లలతో ఇది ఆడించండి.

మట్టి మసీదు ఒకటి తప్పకుండా కట్టించండి. డోగాన్ వారిలో చాలామంది ఈనాడు ముస్లింలు, కొందరు క్రైస్తవులు. కని కొంబోలె ఊరి మట్టి మసీదు ఫొటోలు సులువుగా దొరుకుతాయి. పూర్వీకుల పూజాస్థానం, మసీదు ఒకే ఊళ్లో పక్కపక్కన ఉండటం మన పీర్ల పండుగ ఊళ్ల పిల్లలకు కొత్తగా అనిపించదు.

ఇక ముసుగులు

ఇప్పటికి ఊరు తయారైంది, అందులో మనుషులు తిని, తగవులాడి, సంతకు వెళ్లి వచ్చారు. ఇక ముసుగులు చేయించవచ్చు. రెండు అడ్డపట్టీల సిలువ ఆకారంలో ఉండేది కనగా. ఇంటి అంతస్తులంత పొడవుగా నెత్తిన నిలబడేది సిరిగె. పైన స్త్రీ బొమ్మ ఉండేది సతింబె. కర్రకాళ్ల మీద నడిచే నర్తకులూ ఉంటారు. మరణశోకాన్ని ముగించి, పోయినవారిని పూర్వీకుల్లో కలిపే దామా అనే క్రతువులో ఇవి ఆడతాయి. అగ్గిపుల్లల మనుషులకు ముసుగులు తొడిగి టోగు నా ముందు మైదానంలో నిలబెట్టండి. పిల్లలు తమ ముఖాలకు పెట్టుకుని గంతులు వేయడం నేను ఒప్పుకోను.

అరవై ఏళ్లకు ఒకసారి వచ్చే సిగి ఉత్సవాన్ని గురించి తప్పక చెప్పండి. క్రితంసారి 1967లో మొదలై, ఊరి నుంచి ఊరికి సాగుతూ 1973 దాకా జరిగింది. ఆ లెక్కన మళ్లీ రావలసింది 2027లో. మన పంచాంగం తీసి చూపించండి. 1967 ఉగాదితో వచ్చింది ప్లవంగ నామ సంవత్సరం, 2027 ఉగాదితో మళ్లీ ప్లవంగే వస్తుంది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని కాదు. కాలాన్ని కొలవడానికి రెండు జాతులు ఒకే కొలత ఎంచుకున్నాయి. షష్టిపూర్తి చేసుకున్న తాత ఇంట్లో ఉన్న పిల్లవాడికి అరవై ఏళ్లంటే ఏమిటో మనం చెప్పక్కర్లేదు.

ప్రదర్శన రోజున ‘అక్కడికి వెళ్లవచ్చా’ అని ఎవరో ఒకరు అడుగుతారు. పిల్లలు జవాబు చెప్పగలగాలి. 2012 నుంచి మాలిలో యుద్ధం నడుస్తోంది. 2018 తర్వాత సాయుధ మూకల దాడులు ఈ ఊళ్ల మీద విరుచుకుపడ్డాయి. డోగాన్ ఊళ్లూ, పక్కనే పశువులు మేపుకునే ఫులానీ వారి ఊళ్లూ రెండూ తగలబడ్డాయి, రెండు వైపులా జనం చచ్చిపోయారు. ఊరిని ఖాళీ చేయించాలనుకున్నవాళ్లు గరిసెలకు నిప్పు పెట్టారు. మొదటి వారంలో కట్టిన ఆ నాలుగు రాళ్ల మీది గరిసెను చూపిస్తూ ఈ మాట చెప్పమనండి. తాము వరస వెనక వరస ఆరబెట్టి కట్టినది కాబట్టి పిల్లలు బట్టీ పట్టకుండానే చెబుతారు.

నమూనా వేసవి దాకా నిలుస్తుంది. తొలకరికి ముందు పైన టార్పాలిన్ కప్పండి, వరండా జల్లుకు గోడలు కరిగిపోతాయి. వచ్చే ఏడాది కొత్త తరగతి కోసం ఇళ్ల మట్టిని పగలగొట్టి నానబెడితే మళ్లీ పనికొస్తుంది. బండ ముక్కలు, తుమ్మ నిచ్చెనలు ఒక గోనెలో దాచండి. గడ్డి టోపీలను మాత్రం ఎలుకలు వదలవు, వాటిని ఏటా కొత్తగా అల్లుకోవాలి.